150 కీర్తనలూ దావీదు ఖాతాలోనేనా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో బైబిల్ కీర్తనల మీద వ్యాసం వచ్చింది. తెలుగు పత్రికలో ఈ విషయానికి పేజీ మొత్తం ఇవ్వడమే అరుదు కాబట్టి సంతోషంగా మా ఆవిడకు పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. రెండో పేరాలోనే "దావీదు మహారాజు రచించిన 150 కీర్తనలు" అని తగిలింది, అక్కడ ఆగిపోయాను. పోయిన వారం దాని మీద ఇద్దరు పాఠకులు రాశారు. ఒకాయనేమో దావీదు ఒక్కటీ రాయలేదు, అన్నీ బబులోను చెర (యూదుల్ని బబులోనుకు బందీలుగా పట్టుకుపోయిన కాలం) తర్వాత గుడి పూజారులు అల్లుకుని రాజుగారి పేరు తగిలించినవే అన్నారు. ఇంకొకావిడ అసలు ఆ మాట అనడమే దైవదూషణ అన్నారు. ఇద్దరూ బాగా కోపంగా రాశారు, ఇద్దరూ పుస్తకం తెరిచి చూసి రాసినట్టు మాత్రం నాకు అనిపించలేదు.

నేను పండితుణ్ణి కాను, ముందే చెప్తున్నా. రైల్వేలో లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను, ముప్పై ఏళ్లుగా మా చర్చిలో సండే స్కూలు పిల్లలకు చెప్తున్నాను. ఈ గొడవలో నాకు సొంత బాధ ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను. పోయిన డిసెంబరులో ఒక చర్చిలో (పేరెందుకు లెండి) పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టారు. "90వ కీర్తన రచించినది ఎవరు?" అని ప్రశ్న. ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు "మోషే" అని రాసింది. తప్పు కొట్టారు. వాళ్ల జవాబుల కాగితంలో "దావీదు" అని ఉంది. ఆ ఒక్క మార్కుతో దానికి మొదటి బహుమతి పోయింది, ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేను బైబిల్ పట్టుకెళ్లి 90వ కీర్తన పైన చిన్న అక్షరాల్లో "దైవజనుడైన మోషే చేసిన ప్రార్థన" అని ఉన్నది చూపించాను. క్విజ్ నడిపిన కుర్రాడు మర్యాదస్తుడే, కానీ ఏమన్నాడంటే, "అది హెడ్డింగ్ కదా అంకుల్, వాక్యం కాదు కదా. కీర్తనలంటే దావీదే, అందరికీ తెలిసిందే" అన్నాడు.

సరిగ్గా ఇక్కడే ఉంది తంటా అంతా. మనం ఆ హెడ్డింగులు చదవం. చర్చిలో కీర్తన చదివేవాళ్లు నేరుగా మొదటి వచనంలోకి దూకేస్తారు, మా మనవరాలి ఫోన్లో ఉన్న ఒక యాప్ అయితే వినిపించేటప్పుడు వాటిని పూర్తిగా ఎగరగొట్టేస్తుంది. హెబ్రీ బైబిల్లో అవి వచనాల లెక్కలోకే వస్తాయి. మన 51వ కీర్తనలో 19 వచనాలుంటే హెబ్రీలో 21 ఉంటాయి, ఆ ఎక్కువైన రెండూ హెడ్డింగే. దావీదు పరాయివాడి భార్య బత్షెబ దగ్గరికి పోయిన తర్వాత నాతాను ప్రవక్త వచ్చినప్పటిది అనే ఆ మాటకు వాళ్లు నంబర్లిచ్చారు, మనం చిన్న టైపు ఇచ్చాం.

ఇక లెక్క చెప్తాను, నా పాత ఉద్యోగం అదే కదా. హెబ్రీ పాఠంలో దావీదు పేరున్న కీర్తనలు 73. ఆసాపు పేరున 12 (50వది, తర్వాత 73 నుంచి 83 దాకా). కోరహు కుమారుల పేరున 11. సొలొమోను పేరున రెండు, 72, 127. మోషే పేరున ఒకటి, ఏతాను పేరున ఒకటి. కూడితే 100. మిగిలిన 50కి ఏ పేరూ లేదు. అంటే బైబిలే తన చేత్తో సగానికి మించి ఇవ్వని ఆస్తిని మనం మొత్తంగా ఒక మనిషికి రిజిస్టర్ చేసేస్తున్నాం.

ఆ 73 కూడా చూసినంత సులువు కాదు. హెబ్రీలో "దావీదు కీర్తన" అనే చోట పేరు ముందు ఉన్నది లామెద్ అనే ఒకే ఒక్క అక్షరం. దానికి "యొక్క" అనీ చెప్పుకోవచ్చు, "కి" అనీ, "కోసం" అనీ, "గురించి" అనీ చెప్పుకోవచ్చు. ఇది మనకు ఇంగ్లిషు వాళ్లకంటే తేలిగ్గా అర్థం కావాలి. త్యాగరాజ కీర్తన అంటే త్యాగరాజు రాసింది, రామ కీర్తన అంటే రాముడి మీద రాసింది, మాట అదే, బంధం వేరు. "దావీదు కీర్తన" అని తెలుగు చేసినవాళ్లు ఆ గడుసుదనాన్ని తెలిసో తెలియకో అలాగే ఉంచారు, వాళ్లకు దండం పెట్టాలి. కొన్నిచోట్ల మాత్రం "రచించినది" అని తేల్చి రాశారు. అదే హెడ్డింగులో "ప్రధానగాయకునికి" అని ఉంటుంది చూడండి, అక్కడున్నదీ అదే లామెద్! ప్రధానగాయకుడి దగ్గరికొచ్చేసరికి "కి", కోరహు కుమారుల దగ్గరికొచ్చేసరికి "రచించినది". అనువాదకుడు ఎక్కడో ఒకచోట తేల్చుకోక తప్పదు, నేను తప్పు పట్టడం లేదు, కానీ ఆ తేల్చుకోవడం అనువాదకుడిదని మనకు తెలిసుండాలి.

72వ కీర్తనే తీసుకోండి. పైన సొలొమోను పేరు. లోపల రాజు కోసం, రాజకుమారుడి కోసం ప్రార్థన. చివర "యెష్షయి కుమారుడగు దావీదు ప్రార్థనలు ముగిసెను" అని ముక్తాయింపు. క్రీస్తుకు ముందే యూదులు గ్రీకులోకి అనువదించుకున్నప్పుడు ఇక్కడ "సొలొమోను కోసం" అనే రాసుకున్నారు. ఇక ముగిసెను అన్న తర్వాత దావీదు పేరుతో ఇంకో 18 కీర్తనలు వస్తాయి, 86, 101, 103, అలా 145 దాకా. ఒక దఫ్తరు మూసేసి సంతకం పెట్టిన తర్వాత అదే పేరుతో కొత్త ఎంట్రీలు కనబడితే మేం ఏమనుకునేవాళ్లం? రెండు వేరువేరు దఫ్తర్లను తర్వాతెవరో కలిపి కుట్టారనే. కీర్తనల్లో జరిగింది అదే. అందుకే 14వ కీర్తన, 53వ కీర్తన దాదాపు ఒకటే, అచ్చమైన డబుల్ ఎంట్రీ. మొదటి దాంట్లో "యెహోవా" అన్నచోట రెండో దాంట్లో "దేవుడు" అని మారుతుంది. 42 నుంచి 83 దాకా ఆ భాగమంతటా "దేవుడు" అనే మాటే ఎక్కువ వాడారు, ఆ పాటల పుస్తకం కట్టినవాళ్ల పద్ధతి అది. 108వ కీర్తనైతే 57 చివరిభాగం, 60 చివరిభాగం తెచ్చి అతికించినది. కొత్త సందర్భానికి పాత పాటలు కలిపి పాడుకోవడం మన భజన బృందాలు రోజూ చేసే పనే.

ఆసాపు సంగతి నాకు చాలా ఇష్టం. బైబిల్లోని దినవృత్తాంతాల గ్రంథం ప్రకారం ఈయన దావీదు కాలం గాయకుడు, దావీదే నియమించాడు. మరి ఆయన పేరున్న 79వ కీర్తన తెరిస్తే ఏముంది? అన్యజనులు వచ్చి దేవుడి ఆలయాన్ని మైలపరిచారు, యెరూషలేమును పాడుదిబ్బలు చేశారు అని ఏడుపు. దావీదు రోజుల్లో ఆ ఆలయమే లేదు, కట్టింది కొడుకు సొలొమోను. అది కూలింది క్రీ.పూ. 586 ప్రాంతంలో, అంటే దావీదుకు నాలుగు వందల ఏళ్ల తర్వాత. కాబట్టి ఆ ఆసాపు ఒక్క మనిషి కాదు, ఒక ఇంటిపేరు. చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల జాబితాలో ఎజ్రా గ్రంథం "గాయకులు: ఆసాపు వంశస్థులు 128 మంది" అని రాసింది. (నెహెమ్యా గ్రంథంలో 148. ఆ ఇరవైమంది తేడాకు ఆడిట్ పెట్టాలి, అది ఇంకో ఉత్తరం.) తాతల నాటి పాటల్ని పాడుతూ, తమ కాలపు కష్టాన్ని కొత్త పాటగా కడుతూ, పేరు మాత్రం మూలపురుషుడిదే ఉంచిన కుటుంబం అది.

తెలుగువాళ్లకు ఇది వింతా ఏమిటి? తాళ్లపాక వారు లేరూ? అన్నమయ్య, ఆయన కొడుకు పెద తిరుమలాచార్యులు, మనవడు చిన తిరుమలాచార్యులు, మూడు తరాలు ఆ వేంకటేశుడి ముద్రతోనే సంకీర్తనలు కట్టారు, రాగిరేకుల మీద చెక్కించారు. ఈరోజు రవీంద్రభారతిలో కచేరీ వింటున్నవాళ్లలో ఏది తండ్రిది, ఏది కొడుకుది అని ఎంతమంది చెప్పగలరు? అందరికీ అన్నమయ్యే. వేమన పద్యాల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆటవెలది నడక చేతనైన ప్రతివాడూ చివర "వినుర వేమ" తగిలించేశాడు, అవన్నీ ఏరడం ఎవరి తరమూ కాలేదు. అంతమాత్రాన వేమన లేడని ఎవరూ అనరు, ఉన్నవన్నీ ఆయనవేనని తెలిసినవాళ్లూ అనరు.

ఇలా పేరు పెరగడాన్ని దావీదు విషయంలో కళ్లారా చూడొచ్చు. 137వ కీర్తన, అదే బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును, అంటే యెరూషలేమును తలచుకుని ఏడ్చిన పాట, హెబ్రీలో దానికి ఏ పేరూ లేదు. గ్రీకు అనువాదంలోకి వచ్చేసరికి దాని మీద కూడా దావీదు పేరు ఎక్కింది! బబులోను చెర పాట దావీదుకు! ఆ అనువాదంలో ఇలా కొత్తగా ఆయన పేరు చేరినవి ఇంకా చాలా ఉన్నాయి, 151వ కీర్తన అని అదనంగా ఒకటి కూడా ఉంది. 1956లో మృతసముద్రం పక్కన కుమ్రాన్‌లో 11వ గుహ బయటపడింది, అందులో ఒక పెద్ద కీర్తనల చుట్ట దొరికింది, దాంట్లో కీర్తనల వరస కూడా మన పుస్తకంలో లాగా లేదు. ఆ చుట్టలో ఒకచోట దావీదు మొత్తం 4,050 పాటలు కట్టాడని రాసుంది, అందులో ఏడాదికి 364 రోజుల లెక్కన రోజుకొక పాట, విశ్రాంతిదినాలకు 52. మన అన్నమయ్య 32,000 లాగా అన్నమాట. తర్వాతి కాలపు యూదుల ధర్మగ్రంథం తాల్ముదులోనేమో దావీదు పదిమంది పెద్దలతో కలిసి కీర్తనల గ్రంథం రాశాడని ఉంది, ఆ పదిమందిలో ఆదాము, అబ్రాహాము, మోషే, ఆసాపు అందరూ ఉన్నారు. మొదటి మనిషి ఆదామును కూడా కలిపారంటే, ఇది ఒక్కడి రచన కాదని వాళ్లకూ అనిపించి ఉండాలి.

పోయిన వారం రాసిన ఆ పెద్దమనిషికి ఇప్పుడు నా జవాబు. అయ్యా, అన్నీ చెర తర్వాత పుట్టినవే అన్నారు. 586 తర్వాత దావీదు వంశంలో సింహాసనం ఎక్కిన రాజు లేడు. మరి 45వ కీర్తన ఒక రాజు పెళ్లిపాట, పెళ్లికూతురికి పుట్టింటిని మరిచిపొమ్మని బుద్ధులు చెప్తుంది. 20వది యుద్ధానికి పోయే రాజును సాగనంపే పాట. లేని రాజుకు పెళ్లి చేసి, లేని రాజును యుద్ధానికి పంపుతూ పాటలు కట్టుకుంటారా? 29వ కీర్తనలో ఉరుము గొంతుతో దేవదారులు విరిచే దేవుడి వర్ణన ఉంది. సిరియాలో రాస్ షమ్రా దగ్గర 1928లో ఉగారిత్ అనే ప్రాచీన పట్నం బయటపడింది, అక్కడి మట్టిపలకల్లో ఉరుముల దేవుడు బయలును పొగిడే తీరు చూసినవాళ్లు ఈ కీర్తన భాష చాలా పాతదని చెప్తారు. జర్మనీకి చెందిన బెర్న్‌హార్ట్ డూమ్ అనే పండితుడు మీలాగే చాలా కీర్తనల్ని క్రీ.పూ. రెండో శతాబ్దం దాకా కిందికి లాగాడు. కుమ్రాన్ చుట్టలు చూశాక ఆ లెక్క నిలబడలేదు, ఎందుకంటే ఆ కాలానికే వాటిని నకళ్లు తీసి చదువుకుంటున్నారు.

దావీదు సంగతి కూడా అంతే. క్రీ.పూ. ఎనిమిదో శతాబ్దపు ఆమోసు ప్రవక్త సుఖాల్లో మునిగినవాళ్లను తిడుతూ, దావీదు లాగా వాద్యాలు చేసుకుంటున్నారు అని దెప్పుతాడు. అంటే వాద్యమంటే దావీదు అని జనం నోట అప్పటికే ఉంది. సౌలు రాజు, ఆయన కొడుకు యోనాతాను చచ్చిపోయినప్పుడు ఆయన పాడిన విలాపం సమూయేలు గ్రంథంలో ఉంది. 18వ కీర్తన మొత్తం ఆ గ్రంథంలోనూ ఆయన పాటగానే ఉంది. 1993లో ఇశ్రాయేలులో తేల్ దాను దగ్గర దొరికిన రాతి మీద "దావీదు ఇల్లు" అని ఉంది, శత్రురాజు వేయించిన శాసనం, పొగడ్తకు రాసింది కాదు. కాబట్టి ఆ మనిషి ఉన్నాడు, పాటలు కట్టాడని బాగా పాత కాలం నుంచే పేరుంది. ఇప్పుడు మన చేతిలో ఉన్నవాటిలో అచ్చంగా ఆయన నోటివి ఏవి అని వేలు పెట్టి చూపించడం మాత్రం ఎవరి వల్లా కాదు. హెర్మన్ గుంకెల్ అనే జర్మన్ పండితుడు వందేళ్ల కిందట ఎవరు రాశారు అనే ప్రశ్న పక్కన పెట్టి ఇది ఏ రకం పాట, ఏ సందర్భంలో పాడేవాళ్లు అని అడగడం మొదలుపెట్టాడు. స్తుతి, మొర, కృతజ్ఞత, రాజు పాట అని విడదీశాడు. ఉగ్గుపాట, దంపుడుపాట, అప్పగింతల పాట అని మన ఇళ్లల్లో ఎవరు కట్టారని అడగకుండానే విడదీసుకుంటాం కదా, ఆ పద్ధతే.

మళ్లీ 51 దగ్గరికొస్తాను, ఎందుకంటే మా చర్చిలో ఎక్కువ చదివేది అదే. దావీదు పశ్చాత్తాపం. 16, 17 వచనాల్లో నీకు బలులు అక్కర్లేదు, విరిగిన మనసు చాలు అంటాడు. 18, 19కి వచ్చేసరికి యెరూషలేము గోడలు కట్టించు, అప్పుడు బలిపీఠం మీద కోడెలను అర్పిస్తాం అంటాడు. దావీదు రోజుల్లో గోడలు పడిపోలేదు. నా మటుకు నాకు, గోడలు కూలిన ఊళ్లో కూర్చుని ఈ పాట పాడినవాళ్లెవరో ఆ రెండు చరణాలూ చేర్చారనే అనిపిస్తుంది. ఒక మనిషి పాపం కోసం కట్టిన పాటను ఊరంతా తన పాపానికి పాడుకుంది. అది తెలిశాక నేను ఆ కీర్తన ఇంకా నెమ్మదిగా చదువుతున్నాను.

దావీదు జీవితంలో ఫలానా సంఘటనప్పటిది అని 13 కీర్తనల హెడ్డింగుల్లో ఉన్న కథా సందర్భాలూ అలాంటివే. "తన కుమారుడైన అబ్షాలోము ఎదుటనుండి పారిపోయినప్పుడు" అంటూ దావీదును బయటినుంచి చూసి ఎవరో చెప్తున్నట్టు ఉంటాయి. 34వ కీర్తన పైన దావీదు పిచ్చివాడిలా నటించింది అబీమెలెకు ముందు అని ఉంది, సమూయేలు గ్రంథంలో ఆ రాజు పేరు ఆకీషు. గోల్కొండ ఎక్కినవాళ్లకు గైడు రామదాసు బందిఖానా చూపించి ఫలానా కీర్తన ఇక్కడే, ఫలానా రాత్రే పాడాడు అని చెప్తాడు చూడండి. పాటను అంతగా ప్రేమించినవాళ్లు దానికొక చోటూ వేళా వెతుక్కుంటారు, దాన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు.

ఆ సోదరిగారికి కూడా ఒక మాట. అమ్మా, మీ అభ్యంతరం నాకు తెలుసు, మా పాస్టరుగారిదీ అదే. యేసు ప్రభువే 110వ కీర్తనను దావీదు మాటగా చెప్పాడు కదా, పేరు లేని రెండో కీర్తనను అపొస్తలుల కార్యాల్లో దావీదు నోట పలికించారు కదా అని. ఇది తేలిగ్గా తోసేసే ప్రశ్న కాదు. ఆ రోజుల్లో కీర్తనల పుస్తకాన్నే దావీదు అని పిలిచేవారనీ, మనం "వేమన ఏమన్నాడు" అన్నట్టేననీ కొందరు చెప్తారు, నాకు అది సబబుగా ఉంది, మీకు లేకపోవచ్చు. కానీ 150 ఆయనవి కావనడం దైవదూషణ అయితే, ఆ నేరం ఎప్పుడో చేసినవాళ్లలో జెరోము ఒకరు. లాటిన్ బైబిల్ ఇచ్చిన భక్తుడు ఆయన. ఆ కాలంలోనే అగస్టీను అన్నీ దావీదువే అనే పక్షం పట్టాడు, జెరోము మాత్రం హెడ్డింగులో ఎవరి పేరుంటే వాళ్లవే అన్నాడు. పదహారు వందల ఏళ్ల కిందట ఇద్దరు సెయింట్లు చెరొక పక్కన నిలబడిన విషయమిది, మీరూ ఆ పెద్దమనిషీ ఇప్పుడు కొత్తగా తిట్టుకోనక్కర్లేదు.

సంపాదకులు గారూ, మీకు నా మనవి చిన్నది. "దావీదు రచించిన 150 కీర్తనలు" అన్నచోట "దావీదు, ఆసాపు, కోరహు కుమారులు మొదలైనవారి పేర్లతో ఉన్న 150 కీర్తనలు" అని ఒక సవరణ వేయించండి, మూలన వేసినా పర్వాలేదు. ఈ డిసెంబరులో మళ్లీ క్విజ్ ఉంది. ఆ ముక్క కత్తిరించి బైబిల్లో 90వ కీర్తన దగ్గర పెట్టుకుని వెళ్తాను, పేపర్లో పడిందంటే ఆ కుర్రాడు నమ్ముతాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చిలకలగూడ, సికింద్రాబాద్.